పిల్లల చేతిలో చింతగింజ పెట్టు

అమ్మా,

ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే "తాతా, నేను పాఠం చెప్తుంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు" అని ఫోన్లో దిగులుపడ్డావు. ఏం పాఠం అని అడిగితే చెట్ల ఉపయోగాలు అన్నావు. బోర్డు మీద చెట్టు బొమ్మ వేసి, చుట్టూ బాణాలు గీసి, పండ్లు, కలప, మందులు, కాగితం అని రాయించావంట. ఆ పిల్లలు బయట ఏం చూస్తున్నారో అడిగావా? మీ బడి ముందర చింతమాను ఉంది కదా. చెట్ల పాఠం జరిగేటప్పుడు పిల్లలు చెట్టును చూస్తే దిగులెందుకు తల్లీ, వాళ్ళు నీకంటే ముందే పాఠంలోకి పోయారు.

ఫోన్లో అంతా చెప్పలేక రాస్తున్నా. ముప్పై ఏండ్లకు పైగా ఈ వి.కోట చుట్టుపక్కల పల్లెల్లో పాఠం చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

చాలా ఏండ్ల కిందట రెండో తరగతికి ఇదే పాఠం చెప్తున్నా. "చింతమాను మనకేమిస్తుంది?" అని అడిగా. చింతపండు, చింతచిగురు, నీడ, కట్టెలు అని పిల్లలు వరసగా చెప్పుకొచ్చారు. వెనక కూర్చున్న ఒక ఆడపిల్ల లేచి "మా యమ్మకు కూలి ఇస్తాది సార్" అనింది. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ అది తప్పు జవాబే అనుకుని కూర్చోమన్నా. సాయంత్రం బస్సుకు నడిచిపోతుంటే ఆ పిల్ల తల్లి ఇంటి తిన్నె మీద చింతపండు కొడుతూ కనబడింది. ఒక పక్క గింజ తీయాల్సిన పండు, ఇంకో పక్క గింజల కుప్ప. ఎదురుగా బడి సంచి కూడా దించకుండా ఆ పిల్ల పండుకు నార తీస్తా ఉంది. కిలోకు ఇంత అని కూలి. ఆ వేసవి ఆ ఇంట్లో పొయ్యి మీదికెక్కిన బియ్యం ఆ చింతమాను ఇచ్చినవే. మరుసటి రోజు తరగతిలో ఆ పిల్లను నిలబెట్టి, నిన్న అందరిలోకీ సరైన జవాబు నీదేనమ్మా అని చెప్పా. ఆ పాఠం నేను చెప్పే తీరు ఆ రోజు నుంచి మారింది.

అందుకే చెప్తున్నా. చెట్టు దగ్గర మొదలుపెట్టి వస్తువుల జాబితాకు పోవద్దు. వస్తువు దగ్గర మొదలుపెట్టు. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడుగుతూ అడుగుతూ వెనక్కి నడిపించు. చివరికి పిల్లలు వాళ్ళ కాళ్ళతో చెట్టు మొదటికి చేరాలి.

చింతతోనే మొదలుపెట్టు. మన సీమలో అంతకంటే పెద్ద పాఠ్యపుస్తకం లేదు. ఒక్కొక్కరి అరచేతిలో ఒక గింజ పెట్టి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారు అని అడుగు. నీ తరగతిలో తెలుగు పిల్లలున్నారు, తమిళం మాట్లాడేవాళ్ళున్నారు, కన్నడం వాళ్ళున్నారు, ఉర్దూ వాళ్ళున్నారు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా మనది. చింత, పుళి, హుణసె, ఇమ్లీ అని నాలుగు పేర్లు బోర్డు మీదికొస్తాయి. ఇంట్లో మాట బడిలో పలకడానికి బిడియపడే పిల్లలకు ఆ రోజు ధైర్యమొస్తుంది. తర్వాత ఇంకో మాట చెప్పు. అరబ్బు వర్తకులు దీన్ని తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు, ఇంగ్లీషువాళ్ళ టామరిండ్ అందులోంచి పుట్టింది. కానీ ఈ చెట్టు పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. ఎన్ని వందల ఏండ్ల కిందటో వచ్చి, మన చారులో, మన సామెతల్లో, మన దెయ్యాల కథల్లో స్థిరపడిపోయింది. చిన్నపిల్లలకు ఈ సంగతి చెప్తే కండ్లు ఎంత పెద్దవి చేస్తారో చూడు.

తర్వాత చేతిలో ఉన్న గింజ సంగతి. పండు మనకు, గింజ పారేసేదానికి అనుకుంటారు పిల్లలు. వేయించిన చింతగింజ బుగ్గలో పెట్టుకుని గంటసేపు నానబెట్టుకున్న తరం మాది. గింజను బండ మీద ఒక పక్క అరగదీస్తే తెల్లగా తేలుతుంది, అట్లాంటివి నాలుగు చేసుకుంటే బారాకట్టకు పాచికలు. వామనగుంతలు ఆడాలన్నా ఇవే. ఆట ఒక్కటే కాదు. గింజ పైపొట్టు తీసి పిండి చేస్తే అది మంచి గంజి. మన కురబవాళ్ళు కంబళి నేసేటప్పుడు ఉన్ని పడుగుకు చింతగింజల గంజే పట్టించేవాళ్ళు. బట్టల మిల్లుల్లో నూలు తెగకుండా పెట్టే గంజికీ, గోనెసంచుల నేతకూ ఈ పిండి పోతుంది. గింజల్ని కొనే వ్యాపారి ఊరికే తిరగడు. తిన్నె పక్కన పడున్న గింజల కుప్పకూ ఒంటి మీది అంగీకీ చుట్టరికం ఉందంటే పిల్లలు మొదట నమ్మరు. నమ్మకపోవడం మంచిదే, ఇంటికి పోయి అడుగుతారు.

పుల్ల సంగతి కూడా చెప్పు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు బట్ట మీద మొదటి గీత గీసేది చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే. అంతకుముందే ఆ బట్టను కరక్కాయా పాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో ఉన్న వగరు తుప్పునీళ్ళ ఇనుముతో కలిస్తే నలుపు తేలుతుంది. ఆ నలుపు ఉతికినా పోదు. నాలుగు చింతపుల్లలు నువ్వే ఇంట్లో కాల్చి ఆర్పి తీసుకుపో, పిల్లల చేత నిప్పు ముట్టించొద్దు. పాత పేపర్ల మీద ఆ బొగ్గుతో చింతమాను బొమ్మ వేయించు. చింతకట్టె నిప్పు ఎంత ఎర్రగా, ఎంతసేపు ఉంటుందో తెలిసినవాడికి "కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి" అనే మాట అర్థం చెప్పకుండానే తెలుస్తుంది. గ్యాస్ పొయ్యి ముందు పెరిగే పిల్లలకు మనం ఆ నిప్పును చూపించకపోతే మాట మాత్రం మిగిలి, వెనక మంట ఆరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఏ వస్తువు చేతిలో పెట్టినా చివర ఒక ప్రశ్న అడిగించు: "ఇది ఇచ్చినాక చెట్టు బతికుందా?"

ఇంత చిన్న ప్రశ్నే, ఇందులో ఎంత ఉందో అడుగుతూ పోతే నీకే తెలుస్తుంది. చింతకాయ రాల్చుకుంటే మాను బతికే ఉంటుంది, వచ్చే ఏడు మళ్ళీ కాస్తుంది. చిగురు కోసుకున్నా బతికే ఉంటుంది, కానీ కొమ్మంతా గీకేస్తే ఆ కొమ్మకు పూత ఉండదు. విస్తరి కుట్టే మోదుగాకు, పొలంలో తొక్కే కానగాకు, పళ్ళు తోముకునే వేపపుల్ల, చెయ్యి కడుక్కునే కుంకుడుకాయ, ఇవన్నీ చెట్టు బతికుండి ఇచ్చేవే. మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక రోజు కుంకుడు రసంతో చేతులు కడిగించు, ఆ నురగ చూస్తే వేరే పాఠం అక్కరలేదు. కేరళలో రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు తీస్తారు. గాటు లోతు తెలిసిన చెయ్యి పెడితే చెట్టు ఏండ్ల తరబడి ఇస్తుంది, తెలియని చెయ్యి పెడితే ఎండిపోతుంది.

బెరడు దగ్గరికి వచ్చేసరికి జవాబు కష్టమవుతుంది. ఇంట్లో అగరబత్తి చూపించి మొదలుపెట్టు. లోపలి పుల్ల వెదురు, నల్లటి పిండి బొగ్గు, చెక్కపొడి. ఆ పిండి పుల్లకు పట్టుకుని ఉండడానికి ఒక జిగురు కావాలి. ఆ జిగురు కొన్ని చెట్ల బెరడు పొడిలోంచి వస్తుంది, నరమామిడి అందులో ఒకటి. బెరడు చుట్టూ ఒలిచేస్తే చెట్టుకు ఆహారం దిగే దారి తెగి నిలువునా ఎండుతుంది. తూర్పు కనుమల్లో ఈ ఒలుపుడు వల్లనే నరమామిడి పలచబడిపోయింది. దేవుడి ముందు వెలిగించే కడ్డీలో ఇంత కథ ఉందని చెప్పడం పిల్లల భక్తిని తగ్గించడం కాదమ్మా. ఒక్క కడ్డీని మెల్లగా, శ్రద్ధగా వెలిగించడం నేర్చుకుంటారు.

కలప, కాగితం అయితే చెట్టు పోయినట్టే. దాచొద్దు. నోటుపుస్తకం చూపించి, ఇది ఒకప్పుడు నిలబడి ఉండింది అని చెప్పు. మన రాష్ట్రంలో రాజమహేంద్రవరం కాగితం మిల్లు వంద ఏండ్ల నాటిది. అక్కడికి పోయే సుబాబుల్, సర్వి, నీలగిరి కట్టె చాలావరకు రైతుల పొలాల్లో పైరులాగా వేసి, నాలుగైదేండ్లకు కొట్టేది. అడవి నరికిన కట్టెకూ, రైతు పెంచి కొట్టిన కట్టెకూ తేడా ఉందని నాలుగో తరగతి పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. పుస్తకంలో సగం పేజీలు వదిలేసి కొత్తది కొనమని ఏడ్చే పిల్లవాడికి ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఏమీ చెప్పనక్కరలేదు.

పెన్సిల్ సంగతి వింటే నువ్వే ఆశ్చర్యపోతావు. మన దేశంలో పెన్సిళ్ళకు వాడే చెక్క ఎక్కువభాగం కాశ్మీరు పోప్లార్ చెట్లది. పుల్వామా జిల్లాలో ఉఖూ అనే ఊరికి పెన్సిళ్ళ ఊరని పేరే పడింది. చెక్కను పలకలుగా కోసి ఆరబెట్టి అక్కడి నుంచి ఫ్యాక్టరీలకు పంపుతారు. వి.కోట పక్క పల్లెలో అ ఆలు దిద్దే పిల్ల వేళ్ళ మధ్య ఒక కాశ్మీరు చెట్టు ఉంది. ఇండియా పటం మీద ఆ రెండు చోట్లకూ ఒక దారం కట్టించు. తుడిచే రబ్బరు సంగతి అడుగుతారు, పేరు రబ్బరే గానీ ఇప్పుడు దొరికేవి చాలావరకు ప్లాస్టిక్ అని నిజం చెప్పెయ్యి. అన్నీ చెట్టు నుంచే వచ్చాయని చెప్పాలనే తొందరలో అబద్ధం చెప్పకు.

వెదురు దగ్గర పిల్లలు నిన్ను పట్టుకుంటారు. చాట, గంప, తట్ట, పట్టుపురుగుల చంద్రిక, అన్నీ వెదురే కదా, వెదురు చెట్టా అని అడుగుతారు. కాదు, అది గడ్డిజాతి. మన దేశపు అటవీ చట్టమే చాలా కాలం వెదురును చెట్ల లెక్కలో పెట్టి, 2017లో ఆ లెక్కలోంచి తీసేసింది. దాంతో రైతు పొలంలో పెంచుకున్న వెదురు కొట్టుకోవడం సులువైంది. పెద్దవాళ్ళు కూడా లెక్క సరిచేసుకుంటారని పిల్లలకు తెలియడం మంచిది.

చంద్రిక అన్నా కదా, మన దగ్గర పట్టు లేకుండా ఈ పాఠం పూర్తి కాదు. నీ తరగతిలో మల్బరీ తోట ఉన్న ఇంటి పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. పట్టుచీర ఎక్కడి నుంచి వచ్చిందంటే అంగడి నుంచి అంటారు, తర్వాత పురుగు నుంచి అంటారు. ఇంకా వెనక్కి పో. పురుగు తినేది మల్బరీ ఆకు ఒక్కటే. ఆకు లేకపోతే దారం లేదు. పొదలాగా కోస్తూ ఉంటాం గానీ వదిలేస్తే అది కూడా మానుగా పెరిగేదే. గూడు కట్టే ముందు నాలుగైదు రోజులు పురుగులు ఆకు తినే చప్పుడు రేకుల మీద సన్నటి వాన పడినట్టుంటుంది. ఆ వానను విన్న పిల్ల మీ తరగతిలో ఉంటే నువ్వు పక్కన కూర్చుని ఆమెను చెప్పనియ్యి. పురుగులకు జ్వరం రావడం, అంటే పొర విడవడం, నాలుగుసార్లు ఎట్లా జరుగుతుందో, ఆ ఇంట్లోకి వాసన నూనెలు రాసుకుని ఎందుకు పోకూడదో, నీకంటే నాకంటే బాగా చెప్తుంది. ఒక్క గూటిలో దారం దాదాపు కిలోమీటరు పొడుగు అని నువ్వు చివర్లో కలుపు. మరి పురుగు ఏమవుతుంది అని ఎవరో ఒకరు అడుగుతారు. వేడినీళ్ళలో చనిపోతుంది అని చెప్పు. మల్బరీ బతుకుతుంది, పురుగు బతకదు. ఆ రోజు తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంటే ఉండనీ.

టమోటా చెట్టు నుంచి వచ్చేది కాదని నాకు తెలుసు. కానీ మదనపల్లె మార్కెట్‌కు పోయే టమోటా నిలబడేది కట్టెల మీద. ఎకరాల కొద్దీ కట్టెలు నాటి, తీగెలు లాగి, మొక్కను పైకి కట్టకపోతే కాయ నేల తాకి కుళ్ళుతుంది. ఆ కట్టెలు నీలగిరివో, సర్వివో. పప్పులో టమోటా ముక్క వెనక కూడా ఒక మాను ఉందని మన పిల్లలే కనిపెట్టాలి, పట్నం పిల్లలకు అది తెలిసే దారి లేదు. నీలగిరి ఇక్కడిది కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. హార్స్‌లీ కొండ మీద 1859లో నాటిన నీలగిరి మానుకు కల్యాణి అని పేరు పెట్టుకున్నారు. పిల్లల్ని ఎప్పుడైనా అక్కడికి విహారానికి తీసుకుపోతే ఆ మాను చూపించు.

అడవికి మాత్రం తీసుకుపోవద్దు. కౌండిన్య అడవిలో ఏనుగులు తిరుగుతున్నాయి, మన పొలాల్లోకీ వస్తున్నాయి. చెట్లు చూడాలంటే ఊరి చుట్టూ ఉన్నవి చాలు. సంతకు తీసుకుపో. తెడ్డులూ, రోకండ్లూ, ఈత చీపుర్లూ అమ్మేవాళ్ళ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఇది ఏ చెట్టు అని వాళ్ళ చేతే చెప్పించు. సంగటి గెలికే తెడ్డుకు ఏ కట్టె పనికొస్తుందో, ఏ కట్టె వగరు దిగుతుందో అమ్మే మనిషికి తెలిసినంత నీకూ నాకూ తెలియదు.

ఇంకొక మాట. ఇది జాగ్రత్తగా విను. చెట్లు నరికేవాళ్ళు చెడ్డవాళ్ళు అని తరగతిలో ఎప్పుడూ అనొద్దు. కట్టెలు కొట్టి బతికే తండ్రి బిడ్డ నీ ముందు కూర్చుని ఉంటాడు. వడ్రంగి బిడ్డ ఉంటాడు. టీవీలో ఎర్రచందనం దొంగలను చూపిస్తారు, పిల్లలు అడుగుతారు. శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కల సీమలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది తనంతట తాను పెరగదనీ, చేవ రావడానికి దశాబ్దాలు పడుతుందనీ, అందుకే కొట్టకూడదని చట్టం ఉందనీ చెప్పు. కూలికి ఆశపడి గొడ్డలి పట్టినవాడి గురించి, వాడి వెనక డబ్బు పెట్టినవాడి గురించి పెద్దయ్యాక తెలుసుకుంటారు. ఇప్పుడు ఆ బిడ్డ తలదించుకునేట్టు చేయకు. నరకడం తప్పా అని అడిగితే, ఎందుకు నరికారు, తర్వాత ఎవరైనా నాటారా అని తిరిగి అడుగు.

ఈ ప్రశ్న మన కండ్ల ముందే ఉంది. బాటకు అటూ ఇటూ నెంబర్లు వేసిన చింతమాన్లు నీ చిన్నప్పుడు నీకు గుర్తే. ఏటేటా వాటి కాయను వేలం వేసేవాళ్ళు. బాట వెడల్పు చేసినప్పుడు చాలా పోయాయి. ఇప్పుడు బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ దారి కూడా మన పక్కనుంచే పోతుంది. దారి కావాలి, నేను కాదనను. ఆసుపత్రికి అరగంట ముందు చేరితే ఒక ప్రాణం నిలుస్తుంది. అయితే మిగిలిన మాన్లు ఎన్ని, ఎక్కడెక్కడ, ఒక్కొక్కదాని చుట్టు ఎన్ని చేతులు అని పిల్లల చేత లెక్క రాయించు. నలుగురు పిల్లలు చేతులు చాపి కౌగిలించుకుంటే గానీ అందని మాను ఇంకా మన ఊరి చెరువు కట్ట మీద ఉంది. ఆ పుస్తకం బడిలో దాచిపెట్టు. పదేండ్ల తర్వాత వచ్చే టీచరుకు అది పనికొస్తుంది.

ఒక్కదానివే రెండు మూడు తరగతులు చూడాలి, ఇదంతా ఎట్లా కుదురుతుంది అంటావేమో. వీలు చూసుకుని ఒకసారి మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి పోయి రా. ముసలి మర్రిమాను ఉన్న ఆ లోయను జిడ్డు కృష్ణమూర్తి బడి కోసం ఎంచుకున్నారు, ఆయన పుట్టింది మదనపల్లెలోనే. వాళ్ళ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్ళు నడిపి, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కార్డులతో ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకునే పద్ధతిని తయారుచేసింది. ఆ పద్ధతి తర్వాత చాలా రాష్ట్రాల బళ్ళకు పోయింది. చూసి, నీకు నచ్చింది తీసుకో. కార్డులు నువ్వు రాసేటప్పుడు మాత్రం మన ఊరి చెట్లతో రాయి. ఆపిల్ బొమ్మతో కాదు, సీతాఫలంతో.

శివరాత్రి దాటాక మన తోపులో కాయ రాల్చుతారు. మనుషులు గడలు పట్టుకుని కొమ్మలెక్కి దులిపితే కింద పరిచిన పట్టల మీద కాయ వడగండ్లలా పడుతుంది. ఏరేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు, పెంకు తీసేవాళ్ళు, నార లాగేవాళ్ళు, గింజ కొట్టేవాళ్ళు, తూకం వేసేవాడు, అందరూ ఆ రెండు వారాలు మన తోపులోనే ఉంటారు. హెడ్‌మాస్టరును అడిగి, ఇండ్లలో చెప్పి, ఒక పూట పిల్లల్ని తీసుకుని రా. దులిపేటప్పుడు వాళ్ళను దూరంగా నిలబెట్టాలి, కట్టె విరిగి పడుతుంది. ఆ పని నేను చూసుకుంటా. మీ అవ్వ అందరికీ రాగి సంగటి, చింతచిగురు పప్పు చేస్తానంటోంది. ఎంతమంది వస్తారో ముందుగా చెప్పు. గింజ కొట్టే ఆడవాళ్ళలో ఒకామె, ఆ రోజు నాకు జవాబు చెప్పిన పిల్లే. ఇప్పుడు ఆమె కూతురు నీ బడిలో మూడో తరగతి.